నమ్మి చెప్పుకున్న మాట

వైద్యుని దగ్గరా, ప్లీడరు దగ్గరా దాపరికం పనికిరాదంటారు పెద్దలు. అందుకే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ సంగతి చదివి మేము నివ్వెరపోయాము.

నికోలా గోబో అనే బారిస్టరు ముఠా కేసులలో నిందితుల తరఫున వాదిస్తూనే, 2005–09 నడుమ వారి గుట్టు పోలీసులకు చేరవేసింది. 2018లో విక్టోరియా ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది. విచారించిన మార్గరెట్ మెక్‌మర్డో 2020 నవంబరులో నివేదిక యిచ్చారు. 1011 మంది కేసుల తీర్పులు దీనివల్ల చెడివుండవచ్చునట!

హంతకులను పట్టవద్దని మేమనము. కాని మనసు విప్పి చెప్పుకునే ఆ ఒక్క చోటూ పోతే, రేపు నిర్దోషి ఎవరి గుమ్మమెక్కాలి?

మొన్న మా బావగారొకరు ఆఫీసు ఫైలులోని ఒకరి అప్పు సంగతి అడిగారు. "కాఫీ చల్లారిపోతుంది, తాగండి బావగారూ" అన్నాము. గుమాస్తాకూ ఒక ధర్మమున్నది గదా!