రణభూమిలో ఛాయాచిత్రకారుడు

మా వల్లూరున్న కడప జిల్లాలో పలు పల్లెల పొలిమేరలయందు వీరగల్లులు నేటికిని నిలిచియున్నవి. వానిని చూచినప్పుడెల్ల నాకొక తలపు కలుగును. శిలపై కత్తి దూసి నిలిచిన వీరుడు పోరిలో పడినవాడు. అతనిని చెక్కిన శిల్పి పోరు ముగిసిన పిదప ఉలి పట్టినవాడు. పోరు జరుగుచుండగనే దాని రూపును పట్టవలెనన్న, పట్టువాడును కత్తివాదరకు అందునంత దగ్గర నిలువవలెను. ఆధునిక కాలమున అట్టివాడే సైనిక ఛాయాచిత్రకారుడు.

మహాభారతమున సంజయుడు కురుక్షేత్ర వృత్తాంతమును ధృతరాష్ట్రునకు వినిపించెను. వ్యాసమహర్షి అతనికి దివ్యదృష్టితోపాటు, ఆయుధములు బాధింపకుండునట్లు వరమును గూడ నొసగెను. కెమెరా పట్టిన సైనికునకు అట్టి వరము లేదు.

తొలినాళ్లలో ఈ విద్యకు వేగము లేదు. 1855లో క్రిమియా యుద్ధమునకు వెళ్లిన ఆంగ్లేయుడు రోజర్ ఫెంటన్ బొమ్మ తీయవలెనన్న, ఎదుటివారు కొన్ని క్షణములు కదలక నిలువవలసియుండెను. అందుచే ఆయన శిబిరములను, సేనానులను చిత్రించెనే కాని పోరాటమును చిత్రింపలేకపోయెను. హైదరాబాదులో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ తీసిన సేనల చిత్రములును శాంతికాలపు విన్యాసములే.

చేతిలో ఇముడు కెమెరాలు వచ్చిన పిమ్మట సైన్యములే తమవారికి ఈ పని నేర్పి రణరంగమునకు పంపినవి. అమెరికా మెరైను దళమునందలి సార్జెంటు విలియం జెనౌస్ట్ అట్టివాడు. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా ద్వీపమున, సురిబాచి కొండపై సైనికులు పతాకమెత్తుచుండగా ఆయన దానిని చలనచిత్రముగా తీసెను. ప్రక్కనే నిలిచిన పత్రికా ఛాయాచిత్రకారుడు జో రోసెంథాల్ తీసిన బొమ్మ లోకప్రసిద్ధమయ్యెను. అది కావలెనని నిలువబెట్టి తీసిన బొమ్మ యని కొందరు శంకింపగా, జెనౌస్ట్ చిత్రమే ఆ శంకను తీర్చెను. కాని మార్చి 4న ఆయన ఆ ద్వీపముననే యొక గుహలో మరణించెను. దేహము లభింపలేదు.

తోడివాడు నేలకొరుగుచుండగా చేయూత నీయక బొమ్మ తీయుట ధర్మమా యని మీరడుగవచ్చును. నేనును పలుమార్లు ఆలోచించితిని. బ్రదికింపగలిగినచో ముందు బ్రదికించుటయే ధర్మము. కాని ఒకరి చేతికి అందని దుఃఖములును కలవు. 1945 ఏప్రిలులో బ్రిటిషు సేన జర్మనీయందలి బెల్సెన్ నిర్బంధ శిబిరమును విడిపించినపుడు, ఆ సేనతో వచ్చిన ఛాయాచిత్రకారులు అచ్చట వేలకొలది శవములను చూచిరి. వారిలో సార్జెంటు మైక్ లూయిస్ యూదు కుటుంబమున జన్మించినవాడు. చనిపోయినవారిలో పెక్కురు యూదులే. అయినను ఆయన పని మానలేదు. ఆ శిబిరమున తీసిన చిత్రములను ఆ యేడే ల్యూనెబర్గు నగరమున జరిగిన విచారణలో సాక్ష్యముగా చూపిరి. మృతులకు వైద్యము చేయజాలము. వారికి జరిగినది కల్ల కాదని చెప్పువాడు మాత్రము కావలెను.

బాలలారా! పత్రికలో యుద్ధచిత్రము కనబడినపుడు అందున్నవారిని మాత్రమే చూచి పుట త్రిప్పకుడు. బొమ్మలో కనబడనివాడొకడు వారికెదురుగా నిలిచియుండెను. బొమ్మ క్రింద అతని పేరున్నచో దానిని గూడ చదువుడు.