ఇరుకైన గాదె

నాగార్జునసాగరపు ఎడమ కాలువకు 1967లో నీరు వదలిన పిమ్మట హాలియా చుట్టుపట్ల వరిపంట విస్తరించెను. ధాన్యమును కొని, తూచి, మిర్యాలగూడ మిల్లులకు పంపు వర్తకునకు లెక్కల పుస్తకమే ప్రాణము. ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చెను, ఎంత పైకము ముట్టెను, ఇంకను ఎంత నిలిచియున్నది అను సంగతులన్నియు అందే యుండును. అట్టి లెక్కలను 1993 నాటి కంప్యూటరులో దాచిన దుకాణమొకటి హాలియాలో నున్నదనుకొనుడు. పాత బాకీ విషయమై ఇరువురికి మాట పట్టింపు వచ్చెను. అటక మీది యంత్రమును దింపి, చేతికి దొరికిన ఫ్లాపీతో నడిపించిరి. తెరపై రెండు మూడు ఫైళ్ల పేర్లు మాత్రమే కానవచ్చెను, లెక్కలు లేవు. విచిత్రమేమనగా, డిస్కులో చోటు నిండియున్నదని ఆ యంత్రమే చెప్పుచున్నది!

ఈ చిక్కునకు మూలము ఆనాటి ఇరుకుదనము. హార్డ్ డిస్కు అప్పుడు మిక్కిలి ఖరీదైన వస్తువు. 40 లేక 80 మెగాబైట్ల డిస్కుతోనే పెక్కుమంది సరిపెట్టుకొనిరి. నేడు చేతిఫోనులో తీసిన చిన్న వీడియో ఒక్కటి దానిని నింపివేయగలదు. చోటు చాలనివారికై అమెరికాలోని స్టాక్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1990లో స్టాకర్ అను సాధనమును వెలువరించెను. మైక్రోసాఫ్ట్ సంస్థ 1993లో ఎమ్మెస్ డాస్ 6.0తో పాటు డబుల్‌స్పేస్ అను దానిని ఇచ్చెను. ఉన్న డిస్కులోనే ఇంచుమించు రెండింతలు పట్టించుట వీని పని.

ఇది గారడీ కాదు. లెక్కల పుస్తకములో "ధాన్యము", "బస్తాలు" అను మాటలు పుటపుటకును వచ్చును. ప్రతిసారియు పూర్తిగా వ్రాయుటకు మారు, "ఇన్ని అక్షరములు వెనుకకు పోయి, అచ్చటి ఇన్ని అక్షరములను తీసికొనుము" అని చిన్న గుర్తు వ్రాసిన చాలును. జివ్, లెంపెల్ అను ఇరువురు పండితులు 1977లో ప్రకటించిన ఉపాయమిది. గుర్తులను మరల విప్పినచో ఒక్క అక్షరము కూడ తగ్గదు. అయితే ముందే కుదించిన ఛాయాచిత్రము వంటిది మఱల కుదియదు. కావున డబుల్‌స్పేస్ "ఇంకను ఇంత ఖాళీ యున్నది" అని చూపు అంకె ఒక అంచనాయే. దానిని నమ్మినవారికి చోటు మధ్యలోనే చాలక పోవుట కద్దు.

అసలు అపాయము వేఱొకచోట నుండెను. కుదించిన సమస్తమును డబుల్‌స్పేస్ "డీబీఎల్‌స్పేస్.000" అను ఒకే పెద్ద ఫైలులో దాచి, ఆ ఫైలును కంటికి కనబడకుండ చేయును. ఊరి పంటనంతయు ఒక్క గాదెలో పోసి తలుపు మూసినట్లే. తలుపు తెఱచు తాళపుచెవి వంటి చిన్న ప్రోగ్రాము లేని ఫ్లాపీతో యంత్రమును నడిపినందువలననే ఆ దుకాణమువారికి లెక్కలు కనబడలేదు. అప్పుడు తొందరపడి డిస్కును ఫార్మాట్ చేసినను, చోటు తినుచున్న ఆ గుప్తమైన ఫైలు ఏదో పనికిరానిదని చెరిపినను, నిజముగనే సర్వమును పోవును.

వారు చేయదగిన పని, తగిన డాస్ ఫ్లాపీని వెదకుట. ఇచ్చట ఒక వ్యాజ్యపు కథ అడ్డు వచ్చును. తమ పేటెంటును అతిక్రమించిరని స్టాక్ సంస్థ దావా వేయగా, 1994 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్ జ్యూరీ మైక్రోసాఫ్ట్ పన్నెండు కోట్ల డాలర్లు చెల్లింపవలెనని చెప్పెను. స్టాక్ సంస్థ కూడ ప్రతిదావాలో కోటి ముప్పదియాఱు లక్షల డాలర్లకు బాధ్యురాలయ్యెను. డాస్ 6.21లో డబుల్‌స్పేస్ తొలగింపబడెను, 6.22లో డ్రైవ్‌స్పేస్ అను క్రొత్త సాధనము వచ్చెను. కావున గుప్తమైన ఫైలు పేరు చూచి, ఏ కాలపు ఫ్లాపీ కావలయునో నిర్ణయింపవలెను.

తలుపు తెఱచుకొన్న వెంటనే లెక్కలను వేఱొక డిస్కునకు ఎత్తివేయవలెను. మరమ్మతు ఆ తరువాతిది. డాస్ 6.2తో వచ్చిన స్కాన్‌డిస్క్ తనిఖీలో వరుస ముఖ్యము: మొదట గాదె నిలిచిన నేల, అనగా అసలు డిస్కు, పిదప గాదె. నేల క్రుంగియుండగా గోడ పూసి ప్రయోజనమేమి? "ముక్కలు ఎక్కువైనవి, తెఱవలేను" అని యంత్రము మొఱాయించినచో, డీబీఎల్‌స్పేస్.ఐఎన్ఐ అను ఫైలులో ముక్కల పరిమితిని పెంచి మఱల నడిపింపవలెను.

ఆనాడు లెక్కలు చెడుటకు డబుల్‌స్పేస్ ఒక్కటే కారణము కాదు. డాస్ 6.0లోని స్మార్ట్‌డ్రైవ్ వ్రాయవలసినదానిని కొంతసేపు జ్ఞాపకములోనే నిలిపి, తరువాత డిస్కునకు ఎక్కించెడిది. పని ముగిసినదనుకొని మీట కట్టినవారి వ్రాత గాలిలో కలిసెడిది. కరెంటు పోయినను అంతే. 6.2లో ఈ లోపమును సరిదిద్దిరి.

అట్లు చెడిన డిస్కులోను ఒక ఊరట కలదు. డబుల్‌స్పేస్ సమాచారమును 8 కిలోబైట్ల మూటలుగా విడదీసి, ప్రతి మూటను వేఱువేఱుగా కుదించును. ఒకటి చెడినను పక్కది విప్పవచ్చును. దిక్కులేని మూటలను స్కాన్‌డిస్క్ ఏఱి, "ఫైల్0000.సిహెచ్‌కె" మొదలగు పేర్లతో ఉంచును. వానిని తెఱచి చూచినచో ఒకచోట ఒక రైతు పేరు, బస్తాల సంఖ్య కానవచ్చును. రూకల అంకె దగ్గఱ పంక్తి తెగిపోవును. మిగిలినది తరువాతి ఫైలులో వెదకవలెను.