కింద పడినతను

మా గది గోడకు మహమ్మద్ అలీ బొమ్మ ఉంది. అలీ చేయి మడిచి గర్జిస్తుంటాడు. కాళ్ళ దగ్గర ఒకతను వెల్లకిలా పడి ఉంటాడు. మేమంతా అలీనే చూసేవాళ్ళం. కింద పడినతను ఎవరని చాలా రోజులు అడగనే లేదు.

అతని పేరు సోనీ లిస్టన్. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఓ కౌలు రైతు ఇంట పుట్టాడు. ఏ రోజు పుట్టాడో ఎవరికీ కచ్చితంగా తెలియదు. అది చదివి మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మాలో చాలామందికి బడిలో సారు రాసిందే పుట్టినరోజు!

లిస్టన్‌కు చదువు రాలేదు. దోపిడీ కేసులో జైలుకెళ్ళి అక్కడే బాక్సింగ్ నేర్చాడు. 1962లో ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను మొదటి రౌండ్‌లోనే పడగొట్టి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అప్పుడుంటున్న ఫిలడెల్ఫియాలో విమానం దిగితే, స్వాగతం చెప్పడానికి జనమే రాలేదట. 1964లో, అప్పటికింకా క్లే పేరుతో ఆడుతున్న అలీ మీద ఏడో రౌండ్‌కు స్టూలు మీంచి లేవలేదు. భుజం నొప్పన్నాడు. 1965లో, చూసినవాళ్ళలో చాలామందికి కనపడని ఒక్క దెబ్బకు కూలిపోయాడు. మా గోడ మీది బొమ్మ ఆనాటిదే.

నిజంగా పడ్డాడా, కావాలని పడ్డాడా? ఇప్పటికీ తేలలేదు. 1971 జనవరి 5న లాస్ వేగాస్‌లోని ఇంట్లో శవమై కనిపించాడు. చనిపోయిన తేదీ కూడా తెలియదు. సమాధి రాతి మీద పేరు, సంవత్సరాలు, "ఒక మనిషి" అన్న మాట ఉన్నాయి.

ఇప్పుడు కొత్తగా చేరిన తమ్ముళ్ళు బొమ్మ చూసి అడిగితే, మేము ఇద్దరి పేర్లూ చెబుతున్నాం.