అరకు ఘాట్‌లో కారు చెప్పిన మాట

అరకు ట్రిప్ అనగానే ముందు ప్లేలిస్ట్ రెడీ చేసుకునే బ్యాచ్ నాది. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. పొద్దున్న ఐదున్నరకే బయల్దేరాం. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన నాన్న, వెనక అమ్మ. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. అరకు ఘాట్‌లో ఆయన బస్సు తిప్పని మలుపు లేదు.

సిటీ దాటేలోపే సిగ్నల్ దగ్గర బ్రేక్ వేసినప్పుడల్లా ముందు చక్రం నుంచి సన్నగా 'కీచ్' మని ఓ అరుపు. కొత్తదేం కాదు, నెల్లాళ్లుగా ఉన్నదే. నాన్న వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు. అన్నేళ్లు బస్సు నడిపిన మనిషే పట్టించుకోలేదంటే ఇంకేం కంగారు? పాట సౌండ్ కాస్త పెంచాను.

శృంగవరపుకోటలో టీ తాగి ముందుకెళ్లాక ఘాట్ మొదలైంది. ఎత్తు ఎక్కుతుంటే థర్డ్ గేర్‌లో కారు గుడగుడమంటూ వణికింది.

"పాటలాపరా కాసేపు. గేరు దించు. ఇంజిను ఏడుస్తంది" అన్నాడు నాన్న. సెకండ్‌లోకి మార్చగానే వణుకు పోయింది.

పాటలు ఆగాక ఆయన పాఠం మొదలైంది. "చప్పుడెలాగుందన్నది తర్వాత. ఎప్పుడొస్తందో చూడు ముందు. బ్రేకేసినప్పుడా, తిప్పినప్పుడా, గుంతలో పడినప్పుడా? సగం రోగం అక్కడే తెలిసిపోద్ది."

ఆ రోజు నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యూటర్న్ కొడుతుంటే ముందు చక్రం దగ్గర 'టక్ టక్ టక్' మంటే, యాక్సిల్ చివరుండే జాయింట్ అరిగి ఉండొచ్చు. దాని రబ్బరు బూటు చిరిగి, గ్రీజు పోయి, దుమ్ము చేరితే ఇలా అవుతుంది. స్పీడు పెరిగేకొద్దీ 'ఊఁ' మని హోరు పెరుగుతుంటే టైర్లు గానీ, వీల్ బేరింగ్ గానీ చూపించాలి. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. హోరు అప్పుడు ఎక్కువైతే అనుమానం ఎడమ బేరింగ్ మీదే. గుంతలో పడ్డప్పుడు మాత్రమే 'దడ్' మంటే సస్పెన్షన్ బుష్‌లో, లింకులో వదులయ్యాయని.

బొర్రా గుహలు, బొంగు చికెన్, రాత్రి చలి... అరకు ఎప్పట్లానే బాగుంది. అసలు కథ మర్నాడు తిరుగు ప్రయాణంలో.

గాలికొండ దగ్గర ఆగి కాఫీ తాగాం. అక్కణ్నుంచి రోడ్డంతా దిగుడే. రెండు మలుపులు తిరిగామో లేదో, బ్రేక్ నొక్కగానే కీచు పోయి 'గర్ర్ ర్ ర్' మని ఇనుమును రాయి మీద గీకినట్టు చప్పుడు. నేను ఏమైందో అనుకునేలోపే నాన్న అరిచాడు. "పక్కకి తియ్! ఆపు!"

ఆయన పాదాలు కారు ఫ్లోర్ మీదున్నాయి. ఆ రాపిడి కాళ్లకి తెలిసిందట.

"దీనికి ముందు కీచుమని అరిసుండాలే. ఎప్పుడూ ఇన్లేదా?"

"నెల్నుంచీ అరుస్తోంది నాన్నా. నువ్వేం అనలేదు కదాని..."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "నాకు ఇనపడలేదురా."

వెనక నుంచి అమ్మ మెల్లగా అంది: "ఏడాదై కుక్కర్ విజిల్ కూడా వినబడ్డం లేదు. నీకు చెప్పొద్దన్నారు."

ఎస్.కోట నుంచి మెకానిక్ బైక్ మీద కొత్త ప్యాడ్లు తెచ్చేసరికి రెండు గంటలు పట్టింది. పాత ప్యాడ్ విప్పి చూపించాడు. రాపిడి పదార్థం పూర్తిగా అరిగిపోయి వెనకున్న ఇనుప ప్లేటే డిస్క్‌ని గీకుతోంది. డిస్క్ మీద గీతలు పడ్డాయి. ప్యాడ్‌కి ఓ చిన్న రేకు ఉంది. ప్యాడ్ బాగా అరిగాక అది డిస్క్‌కి తగిలి కీచుమంటుందట. అంటే ఆ అరుపు లోపం కాదు, మార్చమని చెప్పడానికి కావాలనే పెట్టిన హెచ్చరిక. అప్పుడే వినుంటే ప్యాడ్లతో పోయేది. ఇప్పుడు డిస్క్ కూడా మార్చాలి. ఇంకో పది మలుపులు దిగుంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు.

మిగతా ఘాట్ సెకండ్ గేర్‌లోనే దిగాం. అలా దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు. పాటల్లేవు. అనంతగిరి, దముకు, టైడా... మలుపు మలుపుకీ నాన్న అడుగుతూనే ఉన్నాడు.

"ఏటైనా ఇనిపిస్తందా?"

"లేదు నాన్నా."

సోమవారం ఇద్దరం చెవుల డాక్టర్ దగ్గరకెళ్లాం. వయసుతో ముందుగా తగ్గేది సన్నటి, కీచు శబ్దాల వినికిడేనట. అందుకే నా మాట, ఇంజిన్ మోత బాగానే వినిపించిన నాన్నకి బ్రేక్ కీచు, కుక్కర్ విజిల్ వినిపించలేదు. నెల్లాళ్లు నేను వింటూ కూడా ఆయన మీద వదిలేశాను.

ఇప్పుడు ఎక్కడికి బయల్దేరినా మొదటి పది కిలోమీటర్లు పాటలు పెట్టను. వినిపించింది వినిపించినట్టు నాన్నకి చెప్తాను. అదేంటో ఆయన చెప్తాడు.