ఆక్సిజన్ 24 దగ్గరే ఎందుకు ఆగుతుంది

మా మేనల్లుడు పెర్మిలిలో మరాఠీ మీడియం. నేను చదివింది కన్నడంలో. ఇంట్లో అందరం తెలుగే, కానీ సైన్సు మాట రాగానే చిక్కు మొదలవుతుంది. మరాఠీలో అణు అంటే మన పరమాణువు. మన అణువుని వాళ్లు రేణు అంటారు. కన్నడం ఇందులో మన వైపే. అందుకే "అణువు లోపల ఏముంటది మామా" అని వాడడిగితే ముందు ఏ అణువో తేల్చుకోవాలి.

"అవన్నీ ఇంగ్లీషుల చెప్పు తమ్మీ, మన మాటల్ల యాడొస్తయి" అంది అక్క. నాకది నచ్చలేదు.

పరమాణువు నడుమ కేంద్రకం. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు అరలు అరలుగా సర్దుకుంటాయి. పుస్తకాల్లో కర్పరాలంటారు, మాకు అరలే బాగున్నాయి. 2, 8, 20, 28, 50, 82, 126 దగ్గర అరలు నిండి కేంద్రకం గట్టిపడుతుంది. ఇవే మ్యాజిక్ సంఖ్యలు. ఇవే ఎందుకో 1949లో మరియా గెప్పర్ట్ మేయర్, హాన్స్ యెన్సెన్ విడివిడిగా వివరించారు. 1963లో నోబెల్ వచ్చింది.

మనం పీల్చే ఆక్సిజన్లో దాదాపు అంతా 8 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లు ఉన్నదే. న్యూట్రాన్లు 20కి పెంచితే ఆక్సిజన్-28. 8, 20 రెండూ మ్యాజిక్కే కదా, గట్టిగా నిలవాలి. నిలవదు! 16 న్యూట్రాన్లతో, అంటే ఆక్సిజన్-24 దగ్గరే కథ ఆగుతుంది. అదీ ఎక్కువసేపు బతకదు, కానీ న్యూట్రాన్లని మాత్రం జారనివ్వదు. ఆక్సిజన్-28ని జపాన్‌లోని రికెన్‌లో చూసిన సంగతి 2023లో అచ్చయింది. పుట్టీ పుట్టగానే నాలుగు న్యూట్రాన్లు వదిలేస్తుంది. ఒకే ఒక్క ప్రోటాన్ ఎక్కువున్న ఫ్లోరిన్ మాత్రం 22 న్యూట్రాన్లని పట్టుకుంటుంది.

"ఒక్కదానికి ఆరు ఎక్కువనా? గట్లెట్ల?" అన్నాడు వాడు.

లెక్కలు వేసేవాళ్లనీ ఇదే తిప్పలు పెట్టింది. ఆక్సిజన్-16ని కదలని గింజ అనుకుని, పైన చేరినవాటి అమరికలే లెక్కేస్తారు. సిలికాన్-28కి పైన ఉండేవి 12 కణాలే, అమరికలు మాత్రం 93,710. పైగా కణాల మధ్య బలం ఎంతో తెలియాలి. రెండేసి కణాల మధ్య బలాలతోనే వేస్తే ఆక్సిజన్ 28 దాకా నిలుస్తుందని వచ్చేది.

మా టెస్టింగులో పెయిర్‌వైజ్ అని ఒక పద్ధతుంది. సెట్టింగులన్నీ కలిపి చూసే టైం ఉండదు, కనుక ప్రతి జతా ఒక్కసారైనా తగిలేలా చూస్తాం. చాలా బగ్గులు దొరుకుతాయి. మూడు కలిస్తేనే బయటపడేది మాత్రం తప్పించుకోవచ్చు. ఇక్కడా అంతే. 2010లో ఒట్సుకా బృందం మూడు కణాలు కలిస్తేనే పుట్టే బలాన్ని చేర్చింది. అది అదనపు న్యూట్రాన్లని నెట్టేసే రకం. హద్దు 24కి దిగింది. స్థిరమైన కేంద్రకాల దగ్గర అంకెలు కాస్త సర్దితే ఈ బలం లేని లోటు కనబడదు. అంచుకి వెళ్తేనే దొరుకుతుంది. నా ఉద్యోగమూ అంచుల దగ్గరే కాబట్టి నాకిది భలే నచ్చింది.

వాడికి మాత్రం ఇలా చెప్పాను: నువ్వూ చెల్లే ఉంటే లొల్లి లేదు. నువ్వూ అమ్మమ్మా ఉన్నా లేదు. చెల్లే అమ్మమ్మా ఉన్నా లేదు. ముగ్గురూ టీవీ ముందు చేరితేనే రిమోట్ లొల్లి. అక్క కూడా నవ్వింది.

"మరి నలుగురైతే మామా?"

సిద్ధాంతంలో దానికీ చోటుంది. నాలుగేసి కణాల బలం మూడింటిదానికంటే చిన్నదని అంచనా. మా ఇంట్లో లెక్క వేరేలెండి.