ఎడారి యింటి వేపచెట్టు

ఎడారి అనగానే మన విద్యార్థుల మనస్సులో ఒంటె, ఖర్జూరవృక్షం, ఇసుకదిబ్బ – ఈ మూడే మెదలుతాయి. పాఠ్యపుస్తకాలలోని బొమ్మలు మనకు నేర్పింది అంతవరకే. 2023వ సంవత్సరం వేసవి సెలవులలో అరబ్బు ఎమిరేట్లలోని అల్ ఐన్ పట్టణాన్ని దర్శించినప్పుడు మమ్మల్ని ఆకర్షించినవి ఈ మూడూ కావు. వీధివీధినా ఇండ్ల ప్రహరీగోడల మీదుగా తొంగిచూచే వేపచెట్లు! మా రాయచోటి వేపకూ ఆ వేపకూ ఆకులో భేదం లేదు. బ్రతికే తీరులో మాత్రం ఎంతో భేదమున్నది. ఇక్కడి వేపను ఎవరూ పెంచరు, అదే పెరుగుతుంది. అక్కడి వేపను ఒక మనిషి అనుదినమూ కనిపెట్టుకొని ఉండవలె. అట్టి మనుష్యులలో మా మామూజాన్ ఒకరు.

మామూజాన్ 1998లో ఆ దేశం వెళ్ళారు. కడప జిల్లానుండి గల్ఫునకు వెళ్ళిన వేలాదిమంది వలెనే వారూ అప్పు చేసి వీసా కొన్నారు. తేడా ఒక్కటే: వారు యజమానిని మార్చలేదు, తోటను మార్చలేదు. ఆ యింటి పెద్దను పనివారందరూ ‘అర్బాబ్’ అని పిలుస్తారు. పెరటిలో ఎనిమిది ఖర్జూరాలు, రెండు రేగుచెట్లు, ఒక జమ్మి, వాకిట ఒక పెద్ద వేప. మామూజాన్ వెళ్ళేనాటికే ఆ వేప మేడంత ఎత్తున ఉన్నదట. దాని నీడలోనే పనివారి గది. వేసవిలో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు మూడు గంటలదాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదని ప్రభుత్వ నిబంధన. ఆ రెండున్నర గంటలూ ఈ వేపక్రిందనే ఆ వీధి పనివారు పదిమంది నడుము వాలుస్తారు. చెట్టు పోతే పోయేది అందం మాత్రమే కాదని అక్కడ కూర్చున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక జమ్మి మాట. దసరానాడు మన ఊళ్ళలో పూజలందుకొనే జమ్మియే అక్కడ ‘గాఫ్’. అది ఆ దేశపు జాతీయవృక్షం. 2019ని సహన సంవత్సరంగా ప్రకటించినప్పుడు దీనినే చిహ్నంగా స్వీకరించారు. తెలంగాణకూ, ‘ఖేజ్రీ’ అనే పేరుతో రాజస్థానానికీ రాష్ట్రవృక్షం ఇదే. జోధ్‌పూరు సమీపాన ఖేజర్లీ గ్రామంలో 1730లో ఈ చెట్లను కౌగిలించుకొని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలర్పించారని చరిత్ర. ఎడారిలో పుట్టిన చెట్టు గనుక దాని వేరు ఎంతో లోతుకు పోయి తన నీరు తానే వెదకుకొంటుంది. పెద్దదైన జమ్మికి చేయవలసిన సేవ స్వల్పం. దానిని తన మానాన విడిచిపెట్టడమే సగం సేవ అని మామూజాన్ అంటారు.

వేప సంగతి అట్లు కాదు. ఏడాది పొడవునా కురిసే వాన సగటున 100 మిల్లీమీటర్లకు మించని చోట, అంత పెద్ద మ్రాను మనిషి పెట్టే నీటిపైననే బ్రతకాలి. ఆ నీరు ఎట్లా పెట్టాలన్నదే అసలు విద్య. మామూజాన్ పనిలో చేరేనాటికి నీటిగొట్టం చెట్టు మొదటిని ఆనుకొని ఉండేదట. ప్రతి సాయంకాలం పావుగంటసేపు నీరు. మొదలు ఎల్లప్పుడూ చెమ్మగా ఉన్నా, ఆకుల అంచులు మాత్రం మాడినట్లు గోధుమరంగుకు తిరిగాయట. ముందున్న తోటమాలి నీరు చాలలేదనుకొని ఇంకొక పావుగంట పెంచాడు. మాడుట తగ్గలేదు.

కారణం ఆలోచిస్తే సులభమే. ముదిరిన చెట్టు మొదటి దగ్గర నీరు త్రాగదు. కొమ్మల కొసలు ఎక్కడిదాకా నీడ వేస్తాయో అక్కడా, ఇంకా ఆవలా పరచుకొన్న సన్నని పిల్లవేళ్ళే దాని నోళ్ళు. పైగా దినదినమూ కొంచెం కొంచెంగా పెట్టిన నీరు పైపొరలోనే నిలిచి ఎండకు ఆవిరైపోతుంది. నీటిలోని ఉప్పు మాత్రం నేలలో మిగులుతుంది. చౌడునేల సంగతి ఎరిగిన మన రాయలసీమ రైతుకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. ఆకుల అంచులు మాడింది దప్పికవలన కాదు, ఉప్పువలన.

మామూజాన్ మొదటనున్న పాదును పూడ్చివేశారు. కొమ్మల అంచు క్రింద చుట్టూ వలయంగా కొత్త పాదు త్రవ్వారు. రోజూ పెట్టే నీరు ఒక్కసారిగా మానలేదు. నెలనెలా ఎడం పెంచుతూ, వేసవిలో పది పన్నెండు రోజులకొకసారి, చలికాలంలో నెలకొకసారి అయ్యేటట్లు అలవాటు చేశారు. పెట్టిననాడు మాత్రం రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా సన్నగా పారించేవారు. అట్లు పారిన నీరు ఉప్పును కూడ తనతో లోతుకు తీసుకొనిపోతుంది. నీరు ఎంత లోతుకు దిగిందో తెలియడానికి వారివద్ద ఒక ఇనుపచువ్వ ఉన్నది. తడిసిన మన్నులో చువ్వ సులువుగా దిగుతుంది, పొడిమన్ను తగలగానే ఆగిపోతుంది. రెండడుగులకు తక్కువైతే ఆ తడి లెక్కలోనిది కాదు. రాలిన ఆకులను ఊడ్చి పారవేయక పాదులో నాలుగంగుళాల మందాన పరచి, మొదటిని మాత్రం తాకనీయకుండ జాగ్రత్తపడేవారు. మొదలు గాలికి ఆరవలె, లేకపోతే కుళ్ళు పడుతుంది.

“బేటా, చెట్టుకు ముద్దెక్కువైతే వేరుకు బద్ధకం వస్తుంది” అన్నారు మాతో ఒకనాడు. పదవ తరగతి దాటని వారి మాటను తరగతిలో ఒకటి రెండు పర్యాయాలు మేము వాడుకొన్నాము, చెట్ల విషయంలో కాదు.

2019లో మామూజాన్ సెలవుపై ఇంటికి వచ్చియున్నప్పుడు ఒక ఉపద్రవం జరిగింది. ఆకు రాలి ముంగిలి చెత్త అవుతున్నదని ఇంటివారు ఒక చెట్లు కొట్టే కంపెనీని పిలిపించారు. వారు నడివేసవిలో, జూన్ నెలలో, వేప తలను గుండు చేసినట్లు నరికి, కూలి తీసుకొని వెళ్ళారు. అంతవరకు నీడలో పెరిగిన బెరడుకు ఒక్కసారిగా ఎండ తగిలి పడమటివైపు పగిలిపోయింది. తిరిగివచ్చిన మామూజాన్ మ్రానుకూ కొమ్మలకూ పలుచని సున్నం పూసి, విపరీతంగా లేచిన చిగురుకొమ్మలలో గట్టివానిని నిలిపి, తక్కినవాటిని రెండు మూడు చలికాలాలలో కొద్దికొద్దిగా తీసివేశారు. మేము చూచేనాటికి ఆ గాయం పెదవి ముడిచినట్లు సగం పూడింది. ఎండుకొమ్మనూ, ఒకదానితో ఒకటి ఒరసుకొనే కొమ్మలనూ తీయడం వైద్యం. తల నరకడం వైద్యం కాదు. మన మునిసిపాలిటీలు కరెంటు తీగల క్రింద చేసే పని చూచినప్పుడు ఈ భేదం ఎవరికైనా తెలిస్తే బాగుండునని అనిపిస్తుంది.

2024 ఏప్రిల్ 16న ఆ దేశంలో కనీవినీ ఎరుగని వాన కురిసింది. అల్ ఐన్ ప్రాంతంలోని ఖతమ్ అల్ షక్లాలో ఒక్క దినంలోపల 254 మిల్లీమీటర్లు, అనగా రెండేండ్లకు పైబడిన వాన. 1949లో లెక్కలు మొదలైన తరువాత అంతటిది లేదు. మరునాడు మామూజాన్ ఫోనులో చెప్పిన మొదటిమాట మన వేప నిలిచిందని. ప్రక్కయింటి వేప కూలి గోడమీద పడిందట. దానిక్రింద పచ్చిక పెంచి రోజూ నీళ్ళు చల్లేవారు; వేళ్ళన్నీ జానెడు లోతులోనే చాపవలె పరచుకొని ఉండి, చెట్టుతోపాటు లేచివచ్చాయట.

ఈ సందర్భంలో కమిటీ పెద్దలకు ఒక మనవి. మన కళాశాల ముంగిట ఉన్న నాలుగు వేపలకు మొదళ్ళదాకా సిమెంటు పోయించి సైకిళ్ళ స్థలం చేయాలనే ఆలోచన ఉన్నట్లు విన్నాము. కొమ్మల అంచుదాకా కాకపోయినా, కనీసం ఆరడుగుల మన్ను చుట్టూ విడువవలసినదిగా కోరుతున్నాము. మనది ఎడారి కాదు నిజమే. కాని సిమెంటు క్రింది వేరుకు వాన ఎక్కడ కురిసినా ఒక్కటే.

మామూజాన్ 2025 జనవరిలో శాశ్వతంగా ఇంటికి వచ్చేశారు. అంతకు ముందటి యేడు అర్బాబ్ మరణించారు. కుమారులు అబూదబీలో స్థిరపడ్డారు, ఇల్లు ఖాళీ. ఖాళీ యింటికి నీరు కట్టివేస్తే నీటికి అలవాటుపడిన చెట్టు రెండు వేసవులలో ఎండిపోతుంది. జమ్మి బ్రతుకుతుందేమో, వేప బ్రతకదు. బయలుదేరేముందు మామూజాన్ పెద్ద కుమారుని వద్దకు పోయి, జీతం బాకీ మాట ఎత్తకుండా ఈ మాటే చెప్పారట. పచ్చికను ఎండనిచ్చి, ఆ నీటిలో కొంత వేపకు నెలకు రెండుమార్లు ఇవ్వడానికి అతడు సమ్మతించాడు. ఎదురింట పనిచేసే సిల్‌హట్ కుర్రవాడొకడు ఆ భారం తీసుకొన్నాడు. ఇనుపచువ్వ అతనివద్దనే ఉన్నది. రాత్రిపూట కొళాయి విప్పి, ఉదయం చువ్వ దించి, ఎంతవరకు తడి అంటిందో ఫోటో తీసి రాయచోటికి పంపుతాడు. మామూజాన్ కళ్ళద్దాలు పెట్టుకొని ఆ ఫోటోను పెద్దది చేసి చూస్తారు. గత నెలలో వచ్చినదానిలో తడి అడుగున్నర దగ్గరే ఆగింది. ఇంకొక రెండు గంటలు పారించమని అప్పటికప్పుడే కబురు పంపారు.