యాన్‌టాయ్ పండ్ల అంగడిలో ఒక మాట

చైనా తూర్పు తీరంలోని షాన్‌డాంగ్ ప్రాంతంలో, యాన్‌టాయ్ రేవునగరానికి వచ్చిన సందర్శకునికి, చైనీయులు ఆపిల్‌కు నిత్యం వాడే మాట పాఠ్యపుస్తకంలో కంటె పండ్ల అంగడిలోనే బాగా పట్టుబడుతుంది. పండ్ల రాశిపై నిలిపిన అట్టముక్క మీద రెండే అక్షరాలుంటాయి. వాటిలో రెండవదైన ‘కువొ’కు పండు అని అర్థం, ఆ అక్షరపు ప్రాచీన రూపం కాయలు కాచిన చెట్టు బొమ్మే. పక్కనే రాసిన ధర కిలోకు కాదు, ‘చిన్’ అనే అరకిలో తూకానికి.

రోమన్ లిపిలో ఈ మాటకు వాడే ‘పి’, ‘జి’ అక్షరాలను చూసి తెలుగువారు ‘పింగ్‌గువో’ అంటే, అంగడివారికి అది వేరే మాటలా వినిపించవచ్చు. ఎందుకంటే మొదటిది ఊపిరి జోడించి పలికే మహాప్రాణం, రెండవది గకారం కాక కకారానికి దగ్గరైన అల్పప్రాణం. ఈ భేదం మన వర్ణమాలలోనే ఉంది కనుక, ఫకారాన్ని ఇంగ్లీషు ‘ఎఫ్’లా కాక పెదవులు కలిపి పలికితే, ‘ఫింగ్‌కువొ’ అన్న తెలుగు రాతే రోమన్ రాత కంటె నమ్మదగినది. మిగిలేది స్వరం, అంటే అర్థాన్ని మార్చగల గొంతు ఎత్తుపల్లాలు: తొలి భాగం ‘ఔనా?’ అని అడిగినట్లు పైకి లేస్తుంది, మలి భాగం కిందికి దిగుతుంది.

మాట పుట్టుక మరీ ఆసక్తికరం. బౌద్ధ గ్రంథాల అనువాదాలలో సంస్కృత ‘బింబ’ శబ్దం, అంటే మన కవులు పెదవులకు ఉపమానంగా వాడిన దొండపండు, ‘ఫిన్‌ఫొ’గా మారి చైనాకు చేరిందనీ, దానికి ‘కువొ’ చేరి కుదించుకుపోగా నేటి రూపం ఏర్పడిందనీ పండితులు వివరిస్తారు. 1596లో అచ్చయిన లీ షిజెన్ ఔషధ గ్రంథం కూడా ఈ సంస్కృత నామాన్ని ప్రస్తావిస్తుంది.

నాడు ఆ పేరు మెత్తని దేశవాళీ పండుది. 1871లో యాన్‌టాయ్‌కి వచ్చిన అమెరికన్ మిషనరీ జాన్ నీవియస్ పాశ్చాత్య రకాల మొక్కలు నాటించిన తరువాత, పండు మారినా పేరు నిలిచింది. సమీపంలోని ఛీష్యా తోటలలో కాయకాయకూ కాగితపు సంచి తొడిగి, కోతకు ముందు విప్పి ఎండకు రంగు తెప్పించే ఎర్రని ఫుజీ రకం జపాన్‌లో రూపొందింది. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో మాత్రం ‘ఫింగ్‌ఫొ’ అంటే నేటికీ ఆపిల్ కాదు, ఉడికించుకొని తినే వేరొక చెట్టు గింజ.